మతం మారకుండానే మతం విడిచిన స్పినోజా

దేవుడిపై నమ్మకం లేకపోయినా తాము యూదులమేనని చెప్పుకునేవారు నేడు లక్షల్లో ఉన్నారు. అమెరికాలో 2020లో ప్యూ పరిశోధనా సంస్థ జరిపిన సర్వేలో వయోజన యూదుల్లో నూటికి 27 మంది తమకు మతం లేదని చెప్పారు. మతం లేకుండా యూదుడెలా అవుతాడన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది. పుస్తకాలు తిరగేస్తూ పోతే మూడున్నర శతాబ్దాల కిందటి ఒక మహనీయుడి జీవితం దగ్గర ఆగాను. ఆయనే బరూక్ స్పినోజా.

స్పినోజా 1632 నవంబర్ 24న హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్‌లో జన్మించారు. పూర్వీకులు పోర్చుగల్ యూదులు. అక్కడ యూదులను బలవంతంగా క్రైస్తవంలో కలిపి, ఆపై చాటుగా పాత ఆచారాలు పాటిస్తున్నారంటూ మత న్యాయస్థానాలు వేధించేవి. ఆ బాధలు పడలేక ఎన్నో కుటుంబాలు హాలెండు చేరాయి. తండ్రి మైకేల్ వర్తకుడు, సంఘంలో పెద్దమనిషి. ఆరేళ్లకే తల్లి పోయింది. బాలుడు యూదు పాఠశాలలో హీబ్రూ, ధర్మశాస్త్రాలు అభ్యసించారు. 1654లో తండ్రి మరణించాక తమ్ముడితో కలిసి వ్యాపారం చూసుకున్నారు.

1656 జులై 27న ఆమ్‌స్టర్‌డామ్ యూదు సంఘం ఆయనను వెలివేసింది. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు. ఎవరూ ఆయనతో మాట్లాడరాదు, ఉత్తరం రాయరాదు, ఒకే కప్పు కింద ఉండరాదు, నాలుగు మూరల దూరంలోకి పోరాదు, ఆయన రాసింది చదవరాదు. ఇదీ తీర్పు. ఘోరమైన మతవిరుద్ధ భావాలన్నారే తప్ప అవేమిటో అందులో చెప్పలేదు. సంఘ పెద్దల భయమూ అర్థం చేసుకోదగ్గదే. పరాయి నేలపై తలదాచుకున్నవారు, తరాల తర్వాత మళ్లీ స్వమతాన్ని కూడగట్టుకుంటున్నవారు.

ఆ రోజుల్లో యూదు సంఘం వదిలిన మనిషి సాధారణంగా చర్చిలో చేరేవాడు. స్పినోజా క్షమాపణ చెప్పి వెనక్కి వెళ్లలేదు, క్రైస్తవమూ పుచ్చుకోలేదు. ఏ మతసంఘంలోనూ లేకుండా మనిషి గౌరవంగా బతకవచ్చని చూపారు. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

కటకాలు సానబెట్టడం ఆయన వృత్తి. అద్దె గదుల్లో నివాసం. 1670లో పేరు లేకుండా వెలువరించిన గ్రంథంలో, బైబిలు మనుషులు వేర్వేరు కాలాల్లో రాసినదని, దాన్ని మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే పరిశీలించాలని, ఆలోచనపై ప్రభుత్వం ఆంక్ష పెట్టరాదని వాదించారు. 1674లో దాన్ని నిషేధించారు. దేవుడూ ప్రకృతీ ఒకటేనని, మొక్కులకు కరిగి వరాలిచ్చే దేవుడు లేడని ఆయన సిద్ధాంతం. లోకం నాస్తికుడంది, ఆయన ఆ మాట ఒప్పుకోలేదు.

పెన్షనర్లమైన మనం గమనించదగ్గ విషయం ఒకటుంది. డివ్రీస్ అనే మిత్రుడు తన తదనంతరం ఆయనకు జీవితాంతం ఏడాదికి 500 ఫ్లోరిన్లు అందే ఏర్పాటు చేస్తే, అంత అక్కర్లేదని 300కు తగ్గించుకున్నారు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తామంటే, స్వేచ్ఛ పోతుందని కాదన్నారు. ఇంటి యజమానురాలు తన మతంలో తనకు ముక్తి ఉందా అని అడిగితే, శాంతంగా భక్తిగా జీవిస్తే చాలు, మరో మతం వెతకనక్కర్లేదని ధైర్యం చెప్పారు. ఆ ముచ్చట నమోదు చేసింది కొలేరస్ అనే క్రైస్తవ మతబోధకుడు. ఆయనకు స్పినోజా సిద్ధాంతాలు ససేమిరా నచ్చవు, అయినా నడవడిని మెచ్చుకున్నారు.

ఊపిరితిత్తుల జబ్బుతో 1677 ఫిబ్రవరి 21న, 44 ఏళ్లకే హేగ్ నగరంలో కన్నుమూశారు. ప్రధాన గ్రంథం ‘ఎథిక్స్’ను ఆ తర్వాతే మిత్రులు అచ్చువేశారు.

1791లో ఫ్రాన్సు యూదులకు సమాన పౌరసత్వమిచ్చింది. క్రమంగా ఇతర దేశాలూ ఇచ్చాయి. పౌరహక్కులు రాజ్యం నుంచి వచ్చాక సంఘం వేసే వెలికి పదును తగ్గింది, ఆచారం ఎవరిష్టం వారిదైంది. స్పినోజా ఒంటరిగా నడిచిన దారిన వేలమంది నడిచారు. తాను నమ్మేది స్పినోజా దేవుణ్ణేనని ఐన్‌స్టీన్ 1929లో ప్రకటించారు. ఇజ్రాయెల్ తొలి ప్రధాని బెన్‌గురియన్ 1950లలో స్పినోజాను మళ్లీ తమవాడిగా స్వీకరించాలని కోరారు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దీనిపై పండితుల చర్చ జరిగింది. వెలి మాత్రం ఎత్తివేయలేదు.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి. కానీ పండుగకు వచ్చి, పులిహోర ఇష్టంగా తిని, పూజగదిలోకి మాత్రం రాని పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారిపై కోపం తెచ్చుకుని మాటలు మానేసిన పెద్దలనూ ఎరుగుదును. పిల్లల నమ్మకం సంగతి అలా ఉంచి, ముందు వారి నడవడి చూడమని ఆ పెద్దలకు నా మనవి. నాలుగు మూరల దూరం పెట్టడం తేలిక. దాన్ని చెరపడానికి మూడు వందల యాభై ఏళ్లు దాటినా చాలలేదు.