హ్యాష్ టేబుల్ వెనక బట్టల మిల్లు మనిషి

మీ ఫోన్‌లో *#06# కొట్టి చూడండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. అందులో చివరి అంకె ముందున్న 14 అంకెలకు కాపలా మాత్రమే. టైప్ చేసేటప్పుడు ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, మెషీన్ పట్టేస్తుంది. మీ డెబిట్ కార్డు నంబర్లోనూ ఇదే లెక్క. దీన్ని కనిపెట్టినాయన హాన్స్ పీటర్ లూన్. ఇంటర్వ్యూలో అడుగుతారని మీరు బట్టీ పడుతున్న హ్యాష్ టేబుల్‌కి మూలం కూడా ఆయనే.

కంప్యూటర్ సైన్స్ చదివి ఉంటాడనుకుంటున్నారా? అప్పటికి ఆ బ్రాంచే లేదు. 1896లో జర్మనీలోని బార్మెన్‌లో పుట్టాడు. తండ్రి ప్రింటింగ్ ప్రెస్ మనిషి, కొడుకు కూడా స్విట్జర్లాండ్ వెళ్లి ఆ పనే నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేశాడు. తర్వాత బట్టల పరిశ్రమలోకి మారి, 1920ల్లో ఆ పని మీదే అమెరికా చేరాడు.

చిలకలూరిపేట వైపు మిల్లుల్లో పనిచేసేవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ఈ సంగతి వాళ్లకి చెప్పండి. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడం కళ్లు పోయే పని. లూన్ సన్నగీతలున్న ఒక గాజుపలక తయారుచేశాడు. దాన్ని బట్ట మీద పెడితే ఆ గీతలూ పోగులూ కలిసి ఒక ఆకారం కనిపిస్తుంది, అది చూపించే చోట సంఖ్య చదువుకోవడమే. పేరు లూనోమీటర్. మడిచి పెట్టుకునే రెయిన్‌కోటు దాకా ఆయన చెయ్యిపెట్టనిది లేదు, పేటెంట్లు 80 దాటాయి.

ఐబీఎంలో చేరింది 1941లో. అప్పటికి వయసు 45 దగ్గర! 24 ఏళ్లకే లేటైపోయిందని దిగులుపడేవాళ్లు ఈ లైను ఇంకోసారి చదవండి.

1953 జనవరిలో ఆఫీసు లోపలికి ఒక మెమో రాశాడు. దాని సంగతి ఇదీ. వేలమంది రికార్డుల్లో 472658 అనే నంబరు వెతకాలి. మొదటి నుంచి చూసుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అంకెల్ని జతలు చెయ్యండి: 47, 26, 58. ఒక్కో జతని కూడండి: 11, 8, 13. పదుల స్థానం వదిలేస్తే 1, 8, 3. అంటే ఈ రికార్డు 183వ బకెట్లో ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్లండి. ఒకే బకెట్లోకి ఇద్దరొస్తే? వాళ్లని గొలుసులా ఒకరి వెనక ఒకర్ని కట్టెయ్యండి. ఇంటర్వ్యూల్లో అడిగే చెయినింగ్ ఇదే. కానీ ఆ మెమో బయట అచ్చు కాలేదు. అందుకే ఆయన పేరు చాలామందికి తెలీదు. పుస్తకంలో నిర్వచనం ఉంటుంది, మనిషి ఉండడు.

కాపలా అంకె పేటెంటుకి 1954లో దరఖాస్తు చేస్తే 1960లో వచ్చింది. అందులో ఉన్నది చేతిలో పట్టే చిన్న యంత్రం, సాఫ్ట్‌వేర్ కాదు. 1958లో వ్యాసాల సారాంశాన్ని మెషీన్‌తో తీయించే పద్ధతి రాశాడు. శీర్షికలోని ప్రతి ముఖ్యమైన మాటనీ ఇండెక్స్ చేసే పద్ధతి కూడా ఆయనదే.

1961లో రిటైరై, 1964 ఆగస్టులో క్యాన్సర్‌తో పోయాడు. 1979లో యూనిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన డీబీఎం వచ్చింది, బకెట్ల ఆలోచన డిస్కు మీదికి ఎక్కింది.

లినక్స్ ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌మ్యాప్ అనే కమాండ్ ఉంది. మామూలు టెక్స్ట్ ఫైల్ ఇస్తే, ప్రతి లైన్లో మొదటి మాటని కీగా, మిగిలినదాన్ని వాల్యూగా తీసుకుని పక్కనే డేటాబేస్ ఫైల్ తయారుచేస్తుంది. సర్వర్ చదివేది ఆ రెండోదాన్నే. నా మొదటి ఉద్యోగంలో టెక్స్ట్ ఫైల్ మార్చి, కమాండ్ కొట్టడం మర్చిపోయాను. కొత్త ఎంట్రీ కళ్ల ముందే ఉంది, మెయిల్ మాత్రం పాత అడ్రసుకే పోతోంది. సాయంత్రం దాకా తల పట్టుకున్నాను.

మాచర్ల, గురజాల నుంచి నరసరావుపేట కాలేజీలకు బస్సుల్లో తిరిగేవాళ్లకి ఆ గంటసేపు చాలు. ఒక కాగితం తీసుకుని మీ క్లాసు రోల్ నంబర్లని లూన్ పద్ధతిలో బకెట్లలో వెయ్యండి. చివరి అంకెలే తేడా ఉండే నంబర్లు ఎన్ని ఒకే బకెట్లో పడ్డాయో లెక్కపెట్టండి.