ఊపిరితిత్తుల పరీక్షలకు దారి చూపిన తెలుగోడు.. యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఇదీ

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు కొందరు ఊపిరి అందక అల్లాడిపోతారు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పల్చటి పొర చాలకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ఆ పొరలో దాదాపు 90 శాతం కొవ్వులే, మిగతాది ప్రొటీన్లు. కొవ్వుల్లో ఎక్కువ భాగం ఫాస్ఫరస్ ఉన్నవి. అంటే ఫాస్ఫరస్‌ని కొలిస్తే పొర లెక్క తేలుతుందన్నమాట. ఆ కొలతకు దారి చూపింది మన భీమవరం బిడ్డే!

1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను బలి తీసుకుంది. ఆయన్నూ మంచాన పడేసింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. ఇవాళ చెన్నూరు లాంటి ఊళ్లలోనూ గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే. బోదకాలుకు వాడే డీఈసీ మందూ అక్కడిదే. ఫైలేరియా క్రిముల వల్ల ఊపిరితిత్తులకు వచ్చే ఈసినోఫీలియాకూ ఇదే మందు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. నోబెల్ రాలేదు.

విశేషం ఏంటంటే.. ఆయన పోయిన 11 ఏళ్లకు, 1959లో, పసిబిడ్డల ఊపిరి కష్టానికి సర్ఫాక్టెంట్ లోపమే కారణమని హార్వర్డ్‌లోనే తేల్చారు. అదే ఏడాది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త మెరుగుపరిచారు. సర్ఫాక్టెంట్ కొవ్వుల్ని కొలవడానికి ల్యాబ్‌లు ఆ పద్ధతినే వాడాయి.

ఇప్పుడు శాస్త్రవేత్తల చూపు ఆ పొరలోని ప్రొటీన్లపై పడింది. పొగతాగే వారి రక్తంలో సర్ఫాక్టెంట్ ప్రొటీన్-డి ఎక్కువగా కనిపిస్తోంది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల ముప్పును ముందే పసిగట్టేందుకు ఇది పనికొస్తుందా అని పరిశోధిస్తున్నారు. ఊపిరితిత్తులపై ప్రత్యేకంగా పని చేయకపోయినా, ఈ ప్రయాణంలో తొలి కొలబద్ద ఇచ్చింది మాత్రం సుబ్బారావే.