89 ఏండ్లకు జైలుకు వోయిన తత్వవేత్త

మనకాడ అరవై దాటితే ఇగ రామా కృష్ణా అనుకుంట మూలకు కూసోవాలంటరు. రాజకీయాలు పడుసోళ్లకు, దేవుడు ముసలోళ్లకు అని పంచిపెట్టినట్టుంటది. ఇంగ్లండ్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ బతుకు జూస్తే ఈ లెక్క తలకిందులైతది.

1872ల పుట్టిండు. తాత రెండుసార్లు ఆ దేశ ప్రధాని. నాలుగేండ్లు నిండకముందే తల్లి, తండ్రి ఇద్దరూ పోయిండ్రు. భక్తి ఎక్కువున్న నాయినమ్మ సాదింది. అయినా పద్దెనిమిదేండ్లకే, లోకాన్ని దేవుడు చేస్తే దేవుణ్ని ఎవరు చేసిండ్రన్న కాడ రసెల్ నమ్మకం ఆగిపోయింది. తర్వాత వైట్‌హెడ్‌తోని కలిసి గణితం పునాదుల మీద మూడు సంపుటాలు రాసిండు. అక్కడ ఆగినా పేరు నిలిచేదే.

ఆగలే. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎదిరించినందుకు 1916ల కేంబ్రిడ్జిల కొలువు పోయింది, 1918ల ఆరు నెలల జైలు పడ్డది. 1920ల రష్యా వోయి లెనిన్‌ను కలిసిండు. సోషలిజం కోరుకునేటోడే అయినా, అక్కడి నిర్బంధం నచ్చలేదని రాసిండు. ఇటు దొరలకు, అటు కామ్రేడ్లకు ఇద్దరికీ కానోడైండు.

1948ల, 75 ఏండ్ల వయసుల, కాప్ల్‌స్టన్ అనే క్రైస్తవ ఫాదర్‌తోని బీబీసీ రేడియోల దేవుని మీద వాదానికి కూసున్నడు. ఈ లోకం ఉండటానికి ఏదో ఒక కారణం ఉండాలె గదా అని ఫాదర్ వాదన. లోకం మొత్తానికి కారణం అడుగుడే అర్థం లేని పని అని రసెల్ వాదన. ఇద్దరూ ఒక మాట మీదికి రాలే. తిట్టుకోనూ లేదు. ఇయ్యాల మన టీవీ చర్చలల్ల గా మర్యాద యాడున్నది?

ఆయన మచ్చలేని మనిషేం గాదు. అణుబాంబు అమెరికా ఒక్కదాని చేతులనే ఉన్నప్పుడు, దాన్ని చూపెట్టి రష్యాను లొంగదీయాలన్నట్టు మాట్లాడిండు. అట్ల అనలేదని కొన్నొద్దులు బుకాయించి, ఆఖరికి ఒప్పుకున్నడు. బాంబు రెండు దిక్కులా వచ్చినంక దానికే ఎదురు నిలబడ్డడు. 1955ల ఐన్‌స్టీన్‌తోని కలిసి ప్రకటన తీసిండు. 1961ల బాంబుకు వ్యతిరేకంగ జనాన్ని రోడ్డెక్కుమన్నందుకు, 89 ఏండ్లకు మళ్ల బ్రిక్స్‌టన్ జైలుకే పోయి వారం రోజులున్నడు. 1962ల చైనా మనమీదికి వచ్చినప్పుడు, లడాయి ఆపుమని నెహ్రూకు, చౌ ఎన్‌లైకి ఇద్దరికీ రాసిండు. వియత్నాంల అమెరికా చేసిన ఘోరాల మీద ప్రజా విచారణ పెట్టించిండు. 1967ల దానికి అధ్యక్షత వహించింది ఇంకో నాస్తిక తత్వవేత్త సార్త్ర్.

1970 ఫిబ్రవరి 2న, 97 ఏండ్లకు పోయిండు. ప్రార్థన లేకుండనే దహనం చేసిండ్రు. రెండు దినాల ముందు, ఈజిప్టు మీద ఇజ్రాయెల్ బాంబు దాడులను ఖండించుకుంట రాసిన ప్రకటనను ఆయన చచ్చిపోయిన తెల్లారి కైరోల చదివిండ్రు.

దేవుడు లేడంటే బతుకుకు అర్థమేముంటదని చానామంది అడుగుతరు. పైన లెక్క జూసెటోడు లేడనుకున్నడు గనుకనే, ఇక్కడి లెక్క మనమే జూసుకోవాలని ఆఖరిదాంక కొట్లాడిండు రసెల్. దేవుణ్ని నమ్మెటోళ్లు సుత ఆ కొట్లాట కాడికి రావొచ్చు.