మాతృమూర్తి పెర్ల్ బక్

1938లో సాహిత్యానికి నోబెల్ బహుమతినందుకొన్న పెర్ల్ బక్ రచయిత్రిగా మనకు సుపరిచితురాలు. ఆమెలోని తల్లిని మనమంతగా ఎరుగము.

1892లో అమెరికాలో జన్మించి, చైనాలో పెరిగిన ఆమెకు 1920లో కరోల్ అను కుమార్తె కలిగింది. వయస్సు పెరిగినా బాలికకు బుద్ధి వికసించలేదు. తల్లి ఎందరో వైద్యులను ఆశ్రయించింది, ఫలితం లేకపోయింది. పట్టుదలతో అక్షరాలు దిద్దించబోయింది. ఒకనాడు ఆ చిన్నారి చేయి చెమటతో తడిసి ఉండుట గమనించింది. తనను సంతోషపెట్టుటకే బిడ్డ అంతటి శ్రమకు ఓర్చుచున్నదని గ్రహించి, ఆ ప్రయత్నం విరమించింది. నాటినుండి బిడ్డ ఆనందమే ఆమెకు ప్రధానమైంది.

1929లో కుమార్తెను న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణాలయంలో చేర్చింది. ఆ వ్యయభారమే ఆమె కలానికి వేగమిచ్చింది. 1931లో వెలువడిన ‘గుడ్ ఎర్త్’ నవలలో బుద్ధి వికసించని ఒక బాలిక కనిపిస్తుంది. ఏండ్ల తరబడి మనస్సులో దాచుకొన్న వేదనను 1950లో గ్రంథరూపంలో లోకానికి వెల్లడించి, ఎందరో తల్లిదండ్రులకు ధైర్యమిచ్చింది. కరోల్ వ్యాధి ఫినైల్‌కీటోన్యూరియా అని తరువాత తేలింది. నేడు దానిని పుట్టిన కొద్ది రోజులకే రక్తపరీక్షతో గుర్తించి, ఆహార నియమంతో అదుపు చేయవచ్చును.

పెర్ల్ బక్ 1973లో కన్నుమూసింది. ఆటిజం వంటి స్థితులుగల పిల్లలు నేడు మన ఇండ్లలోను ఉన్నారు. వారిని మరుగుపరచక, మార్కులతో తూచక, వారి ఆనందమునకు తోడ్పడుట విద్యావంతులమైన మన విధి.