బెంజమిన్ లే: బానిసత్వాన్ని ఎదిరించిన శ్రామికుడు

లోకంలో అన్యాయాన్ని చూచి బాధపడేవారు అనేకులు. ఆ అన్యాయంలో తమ వంతు ఎంత అని ప్రశ్నించుకొనేవారు బహు అరుదు. అట్టి అరుదైన వ్యక్తి బెంజమిన్ లే. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచాము.

ఆయన 1682లో ఇంగ్లండులోని కాప్‌ఫర్డ్ గ్రామంలో, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో జన్మించారు. నాలుగడుగులకు కాస్త మించిన ఎత్తు, గూని వీపు. పెద్ద చదువులు లేవు. గొర్రెలు కాచారు, చేతితొడుగులు కుట్టారు, నావికుడై సముద్రాలు తిరిగారు.

1718లో భార్య సారాతో కలిసి బార్బడోస్ ద్వీపం చేరి దుకాణం పెట్టారు. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు కొరడా దెబ్బలు తింటూ చెరకు తోటలలో మ్రగ్గే చోటది. ఆకలికి తాళలేక కొందరు దుకాణంలో దొంగిలించగా ఆయనా వారిని కొట్టారు. ఆ పశ్చాత్తాపమే ఆయనను మార్చివేసింది. దంపతులు బానిసలను పిలిచి భోజనం పెట్టసాగారు. యజమానులకు అది కంటగింపైంది. కొద్దికాలానికే వారు ద్వీపాన్ని విడిచారు.

1732లో ఆయన అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వలసవెళ్లారు. శాంతిని, సమానత్వాన్ని బోధించే క్వేకర్లే అక్కడ బానిసలను కొనడం చూచి సహించలేకపోయారు. బానిసల యజమానులను మతభ్రష్టులుగా ఖండిస్తూ 1737లో గ్రంథం వెలువరించారు. దానిని అచ్చువేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పేరు ముద్రించుకొనలేదు.

1738లో బర్లింగ్టన్‌లో జరిగిన క్వేకర్ల మహాసభకు ఆయన ఒక బోలు పుస్తకంలో ఎర్రని పండ్లరసం నింపిన తిత్తిని దాచి తెచ్చారు. మనిషిని బానిసగా ఉంచడం గుండెలో కత్తి దించడంతో సమానమని చాటుతూ దానిని కత్తితో పొడిచారు. ఆ రసం ప్రక్కవారిపై చిందింది. సభ ఆయనను గెంటివేసింది. సమాజం ఆయన తమవాడు కాడని ప్రకటించింది.

ఆయన మాత్రం చలించలేదు. అబింగ్టన్‌లో ఒక గుహలో నివసిస్తూ, తన బట్టకు తానే నూలు వడుకుకొన్నారు. మాంసం విడిచారు, బానిసల చెమటతో తయారైన చక్కెరను ముట్టలేదు.

1758లో ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసల క్రయవిక్రయాలు చేసే సభ్యులపై చర్యకు తీర్మానించారు. ఆ వార్త విని తృప్తిచెందిన ఆయన 1759లో కన్నుమూశారు. 1776లో ఆ సమాజం తన సభ్యులకు బానిసలు ఉండరాదని శాసించింది. 2018లో అబింగ్టన్ శ్మశానవాటికలో ఆ దంపతులకు స్మారకశిల వెలసింది.

పరుల దోషాన్ని ఎత్తిచూపడం సులభం. స్వజనుల దోషాన్ని చెప్పడం కష్టం. తన దోషాన్ని సరిదిద్దుకొని చెప్పడం మరింత కష్టం. ఈ శ్రామికుని నుండి మనం నేర్వవలసినది ఈ చివరి పాఠమే.