నూటికి నూటపది



మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మరో బడిలో, మరో లెక్కల మాస్టారి దగ్గర చదివిన ఒక కుర్రాడి గురించి రాస్తున్నాను. ఆ బడి కలకత్తాలోని హిందూ స్కూలు. మాస్టారు ఉపేంద్రనాథ్ బక్షి. ఒక పరీక్షలో ఆయన ఆ కుర్రాడికి నూటికి 110 మార్కులు వేశారు. ఇచ్చిన లెక్కలన్నీ చేయడమే కాక, కొన్నిటిని ఒకటికి మించిన పద్ధతుల్లో చేశాడన్నది ఆయన చెప్పిన కారణం. ఆ కుర్రాడే సత్యేంద్రనాథ్ బోస్.

బోస్ 1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. తండ్రి సురేంద్రనాథ్ ఈస్టిండియన్ రైల్వేలో ఉద్యోగి. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆయనకు గురువులు. మేఘనాథ్ సాహా సహాధ్యాయి. 1915 ఎమ్మెస్సీలో బోస్ ప్రథముడు, సాహా ద్వితీయుడు.

అప్పుడే కలకత్తా విశ్వవిద్యాలయంలో సర్ అశుతోష్ ముఖర్జీ కొత్త సైన్సు కాలేజీ నెలకొల్పారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాఠాలు చెప్పే బాధ్యత ఈ యువకుల మీద పడింది. సాహా వంతు క్వాంటం సిద్ధాంతం, బోస్ వంతు సాపేక్ష సిద్ధాంతం. చిక్కేమిటంటే, ఆ పాఠాలు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది, జర్మనీ నుంచి పుస్తకాలు రావు. శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసిన బ్రూల్ అనే ఆచార్యుడి దగ్గర కొన్ని జర్మన్ పుస్తకాలుంటే తెచ్చుకున్నారు. వాటిని చదవడానికి ఆ భాష నేర్చుకున్నారు. 1920లో ఐన్‌స్టైన్ సాపేక్షతా వ్యాసాలకు వీళ్లు చేసిన ఇంగ్లిష్ అనువాదాన్ని విశ్వవిద్యాలయం అచ్చువేసింది. తాము ఏ క్లాసులోనూ కూర్చుని వినని పాఠాన్ని తామే నేర్చుకుని, తమ విద్యార్థులకు చెప్పారన్నమాట.

1921లో కొత్తగా తెరిచిన ఢాకా విశ్వవిద్యాలయంలో బోస్ రీడరుగా చేరారు. అక్కడి విద్యార్థులకు ప్లాంక్ సూత్రం చెప్పాలి. కాగిన వస్తువు ఏ రంగు కాంతిని ఎంత వెదజల్లుతుందో చెప్పే సూత్రం అది. 1900 నుంచీ ఉన్నదే, ప్రయోగాలకు చక్కగా సరిపోతుంది. కానీ దాన్ని రాబట్టే దారిలో సగం పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం, సగం కొత్త క్వాంటం ఊహ. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. జవాబు సరిగ్గానే వస్తోంది కదా అని సాగిపోవచ్చు. విద్యార్థులకు స్పష్టంగా చెప్పాల్సిన మాస్టారు కాబట్టి బోస్ సాగిపోలేకపోయారు. సాహాతోనూ ఆ సంగతి చర్చించారు. చివరికి పాత సిద్ధాంతం సాయం లేకుండా, కాంతిని రేణువుల గుంపుగానే తీసుకుని, వాటిని లెక్కపెట్టే పద్ధతినే మార్చేశారు.

ఆ పద్ధతిని రెండు నాణేలతో చెప్పుకోవచ్చు. రెండూ ఎగరేస్తే ఫలితాలు నాలుగు: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, మొదటిది బొమ్మ రెండోది బొరుసు, మొదటిది బొరుసు రెండోది బొమ్మ. కాంతి రేణువులకు మొదటిది, రెండోది అన్న తేడా లేదు. కాబట్టి చివరి రెండూ ఒకటే, ఫలితాలు మూడే. ఆ మూడూ సమానంగా సంభవిస్తాయి. ఇలా లెక్కపెడితే ప్లాంక్ సూత్రం దానంతట అదే వచ్చింది.

1924 జూన్ 4న ఆ చిన్న వ్యాసాన్ని ఐన్‌స్టైన్‌కు పంపారు. అప్పుడు బోస్ వయసు 30. ఐన్‌స్టైన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేశారు. ఆ తర్వాత ఆ లెక్కను వాయువులకూ విస్తరించారు. బోస్ రెండేళ్లు పారిస్‌లో, బెర్లిన్‌లో గడిపి 1926లో తిరిగి వచ్చారు. డాక్టరేటు లేకపోయినా, ఐన్‌స్టైన్ సిఫారసు తోడై, 1927లో ఢాకాలోనే ప్రొఫెసర్ అయ్యారు. ఆ లెక్కకు లోబడే రేణువులకు డిరాక్ బోసాన్లని పేరు పెట్టారు. నోబెల్ మాత్రం బోస్‌కు రాలేదు.

ఆయన ఎస్రాజ్ వాయించేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1937లో రాసిన సైన్సు పుస్తకం విశ్వ పరిచయ్ ఈయనకే అంకితం. 1945లో కలకత్తాకు తిరిగివచ్చాక, 1948లో బంగీయ విజ్ఞాన పరిషత్తు స్థాపించి, బెంగాలీలో సైన్సు పత్రిక నడిపారు. పై తరగతుల ఫిజిక్స్ కూడా తల్లి భాషలో చెప్పవచ్చని నమ్మి, చెప్పి చూపించారు. 1974 ఫిబ్రవరి 4న కన్నుమూశారు.

ఇంతకీ ఆయన గురించి ఎందుకు రాశానంటే: నేను మన బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఎం.టెక్.లో క్వాంటం మెకానిక్స్ కోర్సు తీసుకున్నాను. బోస్ లెక్క వచ్చిన రోజు బోర్డు మీద నాలుగుకు బదులు మూడు కనిపించింది. ఎందుకు మూడు? ప్రశ్న తెలుగులో సిద్ధంగానే ఉంది. దాన్ని ఇంగ్లిషులో కూర్చుకునేలోగా బోర్డు తుడిచేశారు. నోట్సులో మూడు అని రాసుకున్నాను. పరీక్షలోనూ మూడే రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులెన్నో ఇప్పుడు నాకే గుర్తులేదు. అడగని ప్రశ్న మాత్రం ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉంది. బోస్ జీవితం చదివాక తెలిసింది, సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదది. ఆయన పేరు నిలిచింది సరిగ్గా అక్కడే.

స్వర్ణోత్సవానికి వచ్చినప్పుడు ఒక పీరియడు ఇమ్మని హెడ్మాస్టారిని అడిగాను, ఒప్పుకున్నారు. పదో తరగతి బోర్డు మీద రెండు నాణేలు గీసి, ఫలితాలు మూడే అని తెలుగులో చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టేస్తాను. కాదు మాస్టారూ, నాలుగు అని లేచిన మొదటి పిల్లకో, పిల్లాడికో నూటికి నూటపది.