వలస వచ్చిన ఇంటి బిడ్డ: యలహంక కెంపేగౌడ

పుట్టిన ఊరు విడిచి పరాయి సీమలో కాపురం పెట్టడం మన సరిహద్దు పల్లెలకు కొత్త కాదు. బతుకుతెరువు వెదుక్కుంటూ బెంగళూరు బస్సెక్కిన బంధువు లేని ఇల్లు మనలో అరుదు. ఆ బెంగళూరును నిర్మించిన కెంపేగౌడ కూడా వలస వచ్చిన కుటుంబపు వారసుడే. ఈ సంగతి మన పిల్లలు తెలుసుకొనదగినది.

ఆయన పూర్వీకులది కంచి ప్రాంతం. వంశగాథను బట్టి, అక్కడి బలవంతుడైన పాలకుడొకడు వారి ఇంటి ఆడపిల్లను బలవంతంగా వివాహమాడదలచాడు. ఎదిరించే బలం ఆ రైతు కుటుంబానికి లేదు. బిడ్డను అప్పగించడానికి మనసూ రాలేదు. అందుచేత రణభైరేగౌడ తన సోదరులతో, ఆలుబిడ్డలతో బండ్లు కట్టుకొని, రాత్రివేళ పాలారు దాటి, నందికొండల చేరువలోని ఆవతి గ్రామం చేరాడు. ఇది పదునాలుగవ శతాబ్దపు చివరి కాలం నాటి ముచ్చట.

ఆ కాలంలో నది దాటితే వేరే దేశమే. కోలారు, బెంగళూరు ప్రాంతాలు, వాటిని ఆనుకొన్న తెలుగు, తమిళ సీమల అంచులు కలిసిన ఆ నేలను మొరసునాడు అనేవారు. వచ్చినవారు సేద్యమే ఆధారంగా స్థిరపడ్డారు. వారి సంతతి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మొదలైన చోట్లకు విస్తరించింది. జయగౌడ అనే వంశీయుడు 1418 ప్రాంతంలో విజయనగర ప్రభువులకు సామంతుడై యలహంకలో పాలన నెలకొల్పాడు. ఆయన తరువాత గిడ్డేగౌడ, కెంపనంజేగౌడ ఏలారు. కెంపనంజేగౌడ కుమారుడే 1510లో జన్మించిన కెంపేగౌడ.

ఆ వంశం చెందిన మొరసు ఒక్కలిగులలో కన్నడం మాట్లాడే ఇళ్ళూ, తెలుగు మాట్లాడే ఇళ్ళూ నేటికీ ఉన్నాయి. గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరిట ప్రసిద్ధమై ఉంది. కన్నడ సీమను ఏలుతూ కూడా ఆ ఇల్లు తెలుగును దూరం చేసుకోలేదనడానికి ఇది గుర్తు.

1537లో ఆయన మట్టికోట కట్టించి, యలహంక నుండి రాజధానిని బెంగళూరుకు మార్చారు. కోట లోపల వృత్తులవారికి, వర్తకులకు వేర్వేరు పేటలు ఏర్పడ్డాయి. అక్కిపేట అంటే బియ్యపు పేట, అరళెపేట అంటే పత్తిపేట, కుంబారపేట అంటే కుమ్మరుల పేట. పెద్ద నది లేని ఊరు కనుక ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువులు త్రవ్వించారు. ఊరికి వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదట కావలసింది నీరూ, పనీ అని వలస వచ్చిన ఇంటివారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆయనకు కష్టాలు తప్పలేదు. అనుమతి లేకుండా సొంత నాణేలు ముద్రించారన్న నేరంపై విజయనగర ప్రభుత్వం ఆయనను ఆనెగొందిలో అయిదేళ్ళు బంధించింది. సీమ కూడా పరుల పాలైంది. విడుదలైన పిమ్మట దానిని తిరిగి పొంది, పనులు కొనసాగించారు.

అన్నింటికంటె తలచుకోదగినది మరొకటి ఉంది. బండి దేవర వేడుకలో స్త్రీల చేతి చివరి రెండు వేళ్ళను తెగగొట్టే ఆచారం ఆ కులంలో ఉండేది. కొడవలి పట్టాలన్నా, కలుపు తీయాలన్నా, పిండి విసరాలన్నా చేతివేళ్ళే ఆధారమైన రైతు స్త్రీకి అది ఎంతటి బాధో ఊహించవచ్చు. కెంపేగౌడ దీనిని నిషేధించారని ప్రతీతి. అయితే ఆచారం ఒక్క ఆజ్ఞతో అంతరించలేదు. కొన్నిచోట్ల పంతొమ్మిదవ శతాబ్దం దాకా సాగి, మైసూరు ప్రభుత్వం మరల నిషేధించిన మీదట, వేలికి తొడుగు తొడిగి తీసివేయడంగా మారింది. ఒక ఆడపిల్లను కాపాడుకొనడానికే ఊరు విడిచిన వంశం, తన ఆడపిల్లల వేళ్ళను ఆచారానికి బలి ఇవ్వడం న్యాయమా? ఆయన ప్రయత్నం వెంటనే పూర్తిగా ఫలించకపోయినా, ఆ వలసకు అసలైన అర్థాన్ని నిలిపినది అదే.

1569లో ఆయన కన్నుమూశారు. మాగడి సమీపంలోని కెంపాపురంలో ఉన్న సమాధి ఆయనదేనని 2015లో గుర్తించారు. బెంగళూరు విమానాశ్రయానికి 2013లో ఆయన పేరు పెట్టారు. అక్కడే 108 అడుగుల విగ్రహాన్ని 2022లో ఆవిష్కరించారు. నేడు విదేశాలకు వెళ్ళే మన పిల్లలలో ఎందరో ఆ విగ్రహం ముందు నుండే వెళుతున్నారు.

వారిని సాగనంపే తల్లిదండ్రులు ఈ కథ చెప్పి పంపవలెను. ఇంటి భాషను వెంట తీసుకొని వెళ్ళాలి. చేరిన నేల భాషను గౌరవంతో నేర్చుకోవాలి. మనిషిని గాయపరిచే ఆచారం ఎంత పాతదైనా దానిని మూట కట్టుకొని పోనక్కరలేదు. అన్నం పెట్టిన ఊరికి మనవంతుగా ఒక చెరువంత మేలు చేయగలిగితే, ఆ ఊరు మనకు పరాయిది కాదు.